గజ్జల్లో కట్టిన బిళ్ళ ఏం చెబుతుంది?

వరి నాట్ల రోజుల్లో నర్సంపేట, పరకాల వైపు ఊళ్ళలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "కాలుకు ముల్లు గుచ్చింది, గజ్జల్ల బిళ్ళ గట్టింది." బురదలో దిగిన పాదానికి తుమ్మముల్లో గాజుపెంకో గుచ్చుకుంటుంది. అక్కడే పీకేసి, ఇంటికొచ్చాక ఇంత పసుపు అద్ది, మర్నాడు మళ్ళీ మడిలోకి దిగుతారు. రెండు మూడు రోజులు గడిచేసరికి తొడ మొదట్లో చింతగింజంత గడ్డ చేతికి తగులుతుంది. ఇంకో రోజుకు అది ఉసిరికాయంత అవుతుంది. నొక్కితే నొప్పి, అడుగేస్తే నరం గుంజినట్టు ఉంటుంది. పెద్దవాళ్ళు ఉప్పు మూట వేడి చేసి కాపడం పెడతారు. పుండు మానాక బిళ్ళ కూడా మెల్లగా కరిగిపోతుంది.

దెబ్బ పాదంలో తగిలితే వాపు గజ్జల్లో ఎందుకు? పాదం నుంచి పైకి రక్తనాళాలతో పాటు లింఫ్ నాళాలనే సన్నటి కాలువలు కూడా ఉంటాయి. పుండులో చేరిన సూక్ష్మజీవులు, వాటి ముక్కలు ఆ కాలువల్లో కొట్టుకొచ్చి గజ్జల్లోని లింఫ్ గ్రంథి దగ్గర ఆగుతాయి. మెడలో, చంకల్లో, పొట్టలో, గజ్జల్లో ఇలాంటి గ్రంథులు కొన్ని వందలు ఉన్నాయి. మామూలు రోజుల్లో చిక్కుడు గింజ కంటే పెద్దవి కావు. వచ్చిన సరుకును అక్కడ కాచుకుని ఉన్న బి కణాలనే తెల్ల రక్తకణాలు తడిమి చూస్తాయి. దానికి సరిపోయే కణం దొరికితే అది రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా పెరగడం మొదలుపెడుతుంది. బిళ్ళ కట్టడంలో చాలా భాగం ఈ పెరుగుదలే. అందుకే బిళ్ళను రోగంగా కాకుండా నారుమడిగా చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. అయితే వారాలు గడిచినా తగ్గని బిళ్ళను, నొప్పి లేకుండా పెరిగే బిళ్ళను, మెడలో వరసగా కట్టే బిళ్ళలను డాక్టరుకు తప్పకుండా చూపించాలి. వాటి వెనుక క్షయ లాంటివి ఉండవచ్చు.

ఈ కణాలకు "బి" అనే పేరు కోడి నుంచి వచ్చింది. కోడి తోక కింద, మలద్వారానికి ఆనుకుని లోపల ఒక చిన్న సంచి ఉంటుంది. ఇటలీలోని పాడువా నగరానికి చెందిన ఫాబ్రీషియస్ దాన్ని మొదట వర్ణించాడు. ఆ వర్ణన ఆయన చనిపోయాక 1621లో అచ్చయింది. ఆయన పేరు మీదే దాన్ని బర్సా ఆఫ్ ఫాబ్రీషియస్ అంటారు. అది చేసే పని ఏమిటో మాత్రం 300 ఏళ్ళకు పైగా ఎవరికీ తెలియలేదు. 1950లలో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బ్రూస్ గ్లిక్ అనే పరిశోధక విద్యార్థి కోడిపిల్లల్లో ఆ సంచిని కోసి తీసేసి చూశాడు. పైకి ఏ తేడా కనబడలేదు. తిమోతీ చాంగ్ అనే తోటి విద్యార్థికి యాంటీబాడీలు, అంటే సూక్ష్మజీవులను పట్టుకునే రక్తంలోని ప్రొటీన్లు, ఎలా పుడతాయో క్లాసులో చూపించడానికి కోళ్ళు కావలసి వచ్చి, గ్లిక్ దగ్గరున్నవి తీసుకెళ్ళాడు. వాటికి సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఎక్కిస్తే కొన్నింటిలో యాంటీబాడీలు పుట్టనే లేదు. చూస్తే అవి బర్సా తీసేసిన కోళ్ళు. అంటే యాంటీబాడీలు తయారు చేసే కణాలు కోడిలో ఆ సంచిలోనే ఎదుగుతాయి, బర్సాలోని బి అక్షరమే వాటి పేరైంది. ఈ ఫలితం 1956లో కోళ్ళ పెంపకానికి సంబంధించిన ఒక పత్రికలో వచ్చింది. ఆధునిక రోగనిరోధక శాస్త్రానికి పునాదిరాళ్ళలో ఒకటైన ఈ సంగతిని వైద్యులు కొన్నేళ్ళ దాకా పెద్దగా పట్టించుకోలేదు. మనుషుల్లో బర్సా లేదు, ఈ కణాలు ఎముక మజ్జలో పుడతాయి. బోన్ మ్యారో అనే పేరు కూడా బి తోనే మొదలవడంతో అక్షరం మార్చే పని పడలేదు.

జనగామ, సిద్దిపేట, వరంగల్ చుట్టుపక్కల కోళ్ళ షెడ్లు నడిపేవారికి ఈ సంచి గురించి విడిగా చెప్పక్కర్లేదు. గంబోరో అనే కోళ్ళ వైరస్ జబ్బు పేరు వింటేనే వారికి టెన్షన్. ఆ వైరస్ తిన్నగా బర్సాలోకి వెళ్ళి అక్కడ ఎదుగుతున్న బి కణాలనే చంపుతుంది. మూడు నుంచి ఆరు వారాల వయసు కోడిపిల్లలకు ముప్పు ఎక్కువ. చచ్చినవి చావగా బతికినవి బాగానే తిరుగుతుంటాయి, కానీ తర్వాత కొక్కెర రోగానికి టీకా వేసినా వాటికి పట్టదు. టీకా మంచిదే అయినా దాన్ని చూసి యాంటీబాడీలు తయారు చేయాల్సిన కణాలు అప్పటికే పోయాయి. టీకా అనేది పాఠం మాత్రమేనని, నేర్చుకునే కణం లేకపోతే పాఠం వృథా అని ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకదు. మనుషుల్లోనూ బి కణాలు లేకుండా పుట్టే పిల్లలు అరుదుగా ఉంటారు. 1952లో ఆగ్డెన్ బ్రూటన్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు అలాంటి ఎనిమిదేళ్ళ బాలుణ్ణి గుర్తించాడు. ఆ పిల్లవాడికి బ్యాక్టీరియా జబ్బులు మళ్ళీ మళ్ళీ వచ్చేవి. రక్తం పరీక్షిస్తే యాంటీబాడీలు ఉండాల్సిన భాగం దాదాపు ఖాళీ. వేరే మనుషుల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నెలనెలా ఎక్కిస్తే బాలుడు కోలుకున్నాడు. ఇలాంటి పిల్లలకు ఈ రోజుకీ అదే చికిత్స.

పాఠ్యపుస్తకాలు రోగనిరోధక శక్తిని సైన్యంతో పోలుస్తాయి. బి కణాల విషయంలో ఆ పోలిక అసలు సంగతిని దాచేస్తుంది. సైన్యానికి శత్రువెవరో ముందే చెబుతారు. బి కణాలకు ఎవరూ ఏమీ చెప్పరు. ప్రతి బి కణం తన ఒంటి మీద ఒకే ఒక్క ఆకారం గల గ్రాహకంతో, అంటే సూక్ష్మజీవిని పట్టుకునే కొక్కెంతో, పుడుతుంది. తర్వాత అది వదిలే యాంటీబాడీలదీ అదే ఆకారం. ఏ కణానికి ఏ ఆకారం వస్తుందనేది లాటరీ లాంటిది. మనిషి జన్యువులన్నీ కలిపితే దాదాపు 20 వేలు. అలాంటప్పుడు కోట్ల రకాల యాంటీబాడీలు ఎలా సాధ్యమనేది చాలాకాలం పెద్ద చిక్కుముడిగా ఉండేది. జపాన్‌కు చెందిన సుసుము టొనెగావా 1970లలో దాన్ని విప్పాడు, 1987లో నోబెల్ అందుకున్నాడు. ఎదిగే బి కణం తన జన్యువుల్లో కొన్ని ముక్కలను కత్తిరించి, కొత్త వరసలో అతికించుకుంటుంది. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నాలుగైదు రంగుల నూలుతోనే ఎన్నెన్నో జంపఖానాల డిజైన్లు వస్తాయి కదా, దాదాపు అలాగే. తేడా ఏమంటే నేతగాడి మనసులో డిజైన్ ముందే ఉంటుంది, ఇక్కడ అదేమీ లేదు. సొంత శరీరానికే అంటుకునే ఆకారం వచ్చిన కణాలను చాలావరకు మజ్జలోనే శరీరం ఏరేస్తుంది. ఆ ఏరివేతలో తప్పించుకున్నవి కొన్నిసార్లు కీళ్ళవాతం లాంటి జబ్బులకు దారి తీస్తాయి.

కాబట్టి ఇక్కడ సరైన పోలిక విత్తనం ఎంపిక. లక్షల కణాల్లో వచ్చిన సూక్ష్మజీవికి కొంచెమైనా అతికేవి ఏ కొన్నో ఉంటాయి. వాటికి మాత్రమే పెరిగే అవకాశం. ఈ సంగతిని 1957లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మక్‌ఫార్లేన్ బర్నెట్ సిద్ధాంతంగా చెప్పాడు. ఎంపిక అక్కడితో ఆగదు. లింఫ్ గ్రంథిలో పెరుగుతున్నప్పుడు ఈ కణాలు తమ గ్రాహకం జన్యువులో కావాలనే చిన్న చిన్న మార్పులు చేసుకుంటాయి. మార్పు వల్ల పట్టు సడలిన కణం చనిపోతుంది. పట్టు గట్టిపడిన కణానికి టి కణం అనే మరో రకం తెల్ల రక్తకణం నుంచి సాయం అంది, అది ఇంకో విడత పెరుగుతుంది. నాటడం, పండించడం, మంచి కంకులు ఏరడం, మళ్ళీ వాటినే నాటడం. రైతుకు ఒక్కో విడతకు ఒక పంటకాలం పడుతుంది, గజ్జల్లోని బిళ్ళలో గంటలు చాలు. అలా గెలిచిన వాటిలో కొన్ని ప్లాస్మా కణాలుగా మారి సెకనుకు వేల యాంటీబాడీలను రక్తంలోకి వదులుతాయి. కొన్ని జ్ఞాపక కణాలుగా మిగిలిపోతాయి.

టి కణం సాయం చిన్న విషయం కాదు. టైఫాయిడ్ బ్యాక్టీరియా పైపొర చక్కెర లాంటి పదార్థం. టి కణాలు ప్రొటీన్లనే గుర్తుపడతాయి, చక్కెరను చూసి కదలవు. అందుకే ఆ చక్కెరతో మాత్రమే చేసిన పాత టీకా రెండేళ్ళలోపు పిల్లలకు పనిచేసేది కాదు, పెద్దల్లోనూ ఎక్కువ కాలం నిలిచేది కాదు. హైదరాబాద్‌లో తయారైన కొత్త తరం టైఫాయిడ్ టీకాలో ఆ చక్కెరను ధనుర్వాతం ప్రొటీన్‌కు జోడించారు. బి కణం చక్కెరను పట్టుకుని మొత్తాన్ని మింగుతుంది, ప్రొటీన్ ముక్కను టి కణానికి చూపిస్తుంది, టి కణం కదులుతుంది. ఆరు నెలల పసివాడికి కూడా ఇప్పుడు ఆ టీకా ఇవ్వవచ్చు.

ఇక యాంటీబాడీ అనేది చేసే పని చూస్తే అంత గొప్పగా అనిపించదు. అది ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో ఉండే ప్రొటీన్. రెండు చేతులతో పట్టుకుంటుంది, తోక భాగంతో మిగతా కణాలను పిలుస్తుంది. చంపే పని దానిది కాదు. వైరస్ కణంలోకి దూరకుండా అడ్డం పడుతుంది, విషానికి అంటుకుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది, బ్యాక్టీరియాకు పట్టి, సూక్ష్మజీవులను మింగే భక్షక కణాలకు ఆనవాలు ఇస్తుంది. వైరస్ ఒకసారి కణం లోపలికి వెళ్ళిపోయాక యాంటీబాడీకి అది చిక్కదు. అక్కడి నుంచి టి కణాల పని.

యాంటీబాడీల్లో మొదట వచ్చే రకం ఐజీఎం. ఐదు వైలు ఒక్కటిగా కలిసిన పెద్ద అణువు అది. ఒక్కో చెయ్యి పట్టు బలహీనమే, కానీ పది చేతులున్నాయి. ఆ తర్వాత ఏరిన విత్తనం నుంచి ఐజీజీ అనే రకం వస్తుంది, దాని పట్టు గట్టిది. కొత్త సూక్ష్మజీవి ఒంట్లోకి వచ్చాక ఐజీఎం కనబడటానికే కొన్ని రోజులు పడుతుంది, ఐజీజీకి ఇంకా ఎక్కువ. ఈ ఆలస్యం గురించి జనానికి తెలియకపోవడం వల్లే వానాకాలపు జ్వరాల్లో ఎక్కువ నష్టం జరుగుతోంది.

ఆగస్టు, సెప్టెంబరు వచ్చాయంటే హనుమకొండ, వరంగల్ ల్యాబుల ముందు జనం నిలబడి ఉంటారు. ఉదయం జ్వరం వస్తే సాయంత్రానికి డెంగీ టెస్ట్ కావాలంటారు. జ్వరం మొదటి రోజున ఐజీఎం పరీక్ష చేస్తే, డెంగీ ఉన్నా నెగెటివ్ రావచ్చు. యాంటీబాడీ ఇంకా పుట్టలేదు కాబట్టి. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు, నాలుగో రోజో ఐదో రోజో జ్వరం తగ్గిందనుకునే సమయంలోనే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కడుపునొప్పి, వాంతులు మొదలవుతాయి. తొలి ఐదు రోజుల్లో వెతకాల్సింది ఎన్ఎస్1. అది వైరస్ సొంత ప్రొటీన్. ఐదు రోజులు దాటాక ఎలైజా అనే ల్యాబు పద్ధతిలో చేసే ఐజీఎం పరీక్షకు విలువ వస్తుంది. రిపోర్టులో ఐజీజీ ఒక్కటే పాజిటివ్ ఉంటే అది చాలావరకు ఎప్పుడో పోయిన డెంగీ ఆనవాలు. ఆ వరస చూసి కంగారుపడి ఆసుపత్రిలో చేరేవారు ఉన్నారు, తొలిరోజు నెగెటివ్ చూసి ఇంట్లో ఉండిపోయేవారూ ఉన్నారు. రెండో తప్పు ప్రాణం మీదికి తెస్తుంది.

టైఫాయిడ్ కోసం చేసే వైడల్ పరీక్ష కథ ఇంకా బాధ కలిగిస్తుంది. ఫ్రెంచి వైద్యుడు వైడల్ 1896లో దీన్ని ప్రవేశపెట్టాడు. రోగి రక్తరసంలో టైఫాయిడ్ బ్యాక్టీరియాకు యాంటీబాడీలు ఉంటే బ్యాక్టీరియా గుంపులు కడుతుంది. రసాన్ని ఎంత పలచన చేసినా గుంపు కడుతోందో చూసి 1:80, 1:160 అని రాస్తారు. ఆ అంకె చూసి "టైఫాయిడ్ కొంచెం ఉంది" అనడం ఊళ్ళలో అలవాటైపోయింది. ఆ అంకె బ్యాక్టీరియాను లెక్కపెట్టదు. శరీరం ఆ ఆకారాన్ని ఎప్పుడో ఒకప్పుడు చూసిందని మాత్రమే చెబుతుంది. పోయినేడు వచ్చిన టైఫాయిడ్ వల్ల కావచ్చు, దానికి బంధువైన వేరే సాల్మొనెల్లా బ్యాక్టీరియా వల్ల కావచ్చు. నిజంగా టైఫాయిడ్ వచ్చినవారిలో మొదటి వారంలో ఆ అంకె పెరగకపోవచ్చు కూడా. వైడల్‌ను సరిగ్గా వాడాలంటే వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, అంకె నాలుగు రెట్లు పెరిగిందా అని చూడాలి. అలా రెండుసార్లు చేయించేవారు ఎంతమంది? ఒకే ఒక్క వైడల్ కాగితం పట్టుకుని రోజుల తరబడి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు తీసుకోవడం శరీరానికీ జేబుకూ భారమే. పైగా మందులకు లొంగని బ్యాక్టీరియాను అది పెంచుతుంది. మందు మొదలుపెట్టకముందే రక్తాన్ని కల్చర్‌కు, అంటే అందులోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే పరీక్షకు, పంపడం సరైన దారి. రెండు మూడు రోజులు ఆగాలి, కానీ అందులో దొరికేది నేరుగా బ్యాక్టీరియానే.

యాంటీబాడీ ఉంటే మంచిదే అనుకోవడానికి కూడా లేదు. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం వచ్చిపోతే దానికి గట్టి రక్షణ వస్తుంది. తర్వాత వేరే రకం వస్తే పాత యాంటీబాడీలు దానికి అరకొరగా అతుకుతాయి, ఆపలేవు. పైగా యాంటీబాడీ తోకను పట్టుకుని మింగే భక్షక కణాల్లోకి వైరస్‌ను అవే మోసుకెళతాయి. వైరస్‌కు కావలసిందీ ఆ కణాలే. డెంగీ రెండోసారి ఎక్కువ ప్రమాదకరంగా మారడానికి ప్రధాన కారణం ఇదేనని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తారు. ఒకసారి డెంగీ వచ్చిందని ధీమాగా ఉండే ఇళ్ళలో ఈ సంగతి తెలియాలి.

సొంతంగా తయారు చేసుకునే సమయం లేనప్పుడు యాంటీబాడీలను అరువు తెచ్చుకోవాలి. పత్తి చేలో రక్తపింజర కాటేసిన మనిషికి వారం ఆగే వీలు లేదు. ఆసుపత్రిలో ఎక్కించే పాము విషం విరుగుడు గుర్రాల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర ఈ నాలుగింటి విషాన్ని కొద్దికొద్దిగా గుర్రానికి ఎక్కిస్తే దాని బి కణాలు ఆ పని చేసిపెడతాయి. చిన్నపిల్లలకూ పెద్దలకు ఇచ్చినంత మోతాదే ఇస్తారని విని కొందరు భయపడతారు. పాము పిల్లవాడి బరువు చూసి విషం తగ్గించదు, విరుగుడు విషానికి సరిపోవాలి తప్ప మనిషికి కాదు. కుక్క కరిచి రక్తం వచ్చిన గాయానికి రెండూ చేస్తారు: గాయం చుట్టూ తయారు యాంటీబాడీలు, చేతికి టీకా. టీకాతో సొంత యాంటీబాడీలు రావడానికి వారం పైనే పడుతుంది, ఆ మధ్య ఖాళీని అరువువి కాపాడతాయి. అందుకే టీకా మొదలుపెట్టి ఏడు రోజులు దాటాక ఆ తయారు యాంటీబాడీలు ఇవ్వరు.

అరువులో అన్నిటికంటే పాతది తల్లి నుంచి వచ్చేది. మనిషి బిడ్డకు కడుపులో ఉన్నప్పుడే మాయ గుండా తల్లి ఐజీజీ అందుతుంది. ఆవు, గేదె మాయ గుండా అవి రావు. దూడ దాదాపు ఏ యాంటీబాడీలూ లేకుండా నేల మీద పడుతుంది. దానికి కావలసినదంతా ముర్రుపాలలో ఉంటుంది. దూడ పేగు ఆ పెద్ద ప్రొటీన్లను యథాతథంగా రక్తంలోకి పీల్చుకోగలిగేది తొలి 24 గంటలే, అందులోనూ మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ. చాలా ఊళ్ళలో మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వరు. ఒక్కోసారి మాయ పడటానికి సగం రోజు పడుతుంది. ఆ లోపల పేగు తలుపు మూసుకుపోతూ ఉంటుంది. పాలు పితికి ఇరుగుపొరుగుకు జున్నుకు పంచడం మంచి ఆచారమే, దూడ కడుపునిండా తాగిన తర్వాత. పారుడు వచ్చి చనిపోయే దూడల్లో చాలావాటికి తొలిరోజు దక్కాల్సిన పాలు దక్కి ఉండవు.

తల్లి ఇచ్చిన యాంటీబాడీలు టీకాకు అడ్డం కూడా పడతాయి. బిడ్డకు తట్టు టీకాను పుట్టగానే వేయకుండా తొమ్మిది నెలలు నిండాక వేయడానికి కారణం అదే. తల్లి ఐజీజీ ఇంకా ఉంటే టీకాలోని వైరస్‌ను బిడ్డ బి కణాలు చూడకముందే పట్టేస్తుంది. కోడిపిల్లకు పచ్చసొన నుంచి తల్లి యాంటీబాడీలు వస్తాయి. గంబోరో టీకా ఏ రోజు వేయాలని షెడ్డుల్లో అంత చర్చ జరిగేది అందుకే. ముందు వేస్తే తల్లివి తినేస్తాయి, ఆలస్యమైతే వైరస్ వచ్చేస్తుంది. అంగన్‌వాడీలో పసిబిడ్డ కార్డు మీద రాసిన తేదీకీ, షెడ్డులో గోడ మీద సుద్దతో రాసిన తేదీకీ ఆధారం ఒకటే.

రక్తంలో ఉన్న ఐజీజీ దాదాపు మూడు వారాలకు సగమవుతుంది. మరి రక్షణ ఏళ్ళ తరబడి ఎలా నిలుస్తుంది? కొన్ని ప్లాస్మా కణాలు ఎముక మజ్జలో చేరి కొత్తవాటిని తయారు చేస్తూనే ఉంటాయి. జ్ఞాపక కణాలు పని లేకుండా తిరుగుతూ, అదే ఆకారం మళ్ళీ కనబడితే రోజుల్లో మేల్కొంటాయి. కరోనా కాలంలో జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాల్లో భారత వైద్య పరిశోధన మండలి రక్తపరీక్షలు చేస్తే, 2021 జూన్ నాటికి సుమారు 60 శాతం మందిలో యాంటీబాడీలు కనబడ్డాయి. తర్వాత చాలామంది సొంత ఖర్చుతో పరీక్షలు చేయించుకుని, అంకె తగ్గిందని దిగులుపడ్డారు. తగ్గింది రక్తంలో తిరిగే సరుకు. విత్తనం మజ్జలో, గ్రంథుల్లో ఉంటుంది, ఆ పరీక్షకు అది కనబడదు.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మీద కూర్చునే 70 దాటిన పెద్దల చేతుల మీద రూపాయి బిళ్ళంత గుంట మచ్చలు ఇంకా కనిపిస్తాయి. అవి మశూచి టీకా మచ్చలు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది, ఆ టీకా వేయడం ఆపేసి నలభై ఏళ్ళు దాటింది. అయినా అలా టీకా వేసుకున్నవారి రక్తంలో మశూచి జాతి వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలు దశాబ్దాల తర్వాత కూడా దొరుకుతున్నాయి. 1918 నాటి స్పానిష్ ఫ్లూ నుంచి బయటపడి తొంభై ఏళ్ళు దాటినవారి రక్తాన్ని అమెరికా పరిశోధకులు పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. పసితనంలో చూసిన ఆ వైరస్‌ను గుర్తుపట్టే బి కణాలు వారిలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.